తిరిగొచ్చిన కవరు: ఇల్లు కోల్పోయిన ఇద్దరు విద్యార్థుల కేస్ స్టడీ

అమెరికాలోని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఒక ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలను నడిపే స్థానిక సంస్థలో, నేను నిరాశ్రయ విద్యార్థుల లయజాన్‌గా (సమన్వయకర్తగా) పనిచేస్తున్నాను. ప్రభుత్వ పాఠశాలలు నడిపే ప్రతి డిస్ట్రిక్ట్‌లోనూ ఈ బాధ్యత ఒకరికి అప్పగించి తీరాలని, నిరాశ్రయుల సహాయం కోసం అక్కడ ఉన్న మెకిన్నీ–వెంటో అనే ఫెడరల్ చట్టం నిర్దేశిస్తుంది. ఇక్కడ రాస్తున్నది ఒకే కుటుంబానికి సంబంధించి ఒక విద్యా సంవత్సరం పొడవునా నడిచిన కేసు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను గానీ, జరిగిన వరుసనూ, అందులో నేను చేసిన పొరపాటునూ మార్చలేదు. నిజానికి ఆ పొరపాటు కోసమే ఈ కేసును పూర్తిగా రాయాలనుకున్నాను.

కుటుంబంలో ముగ్గురు: తల్లి, 12వ తరగతి చదువుతున్న పదిహేడేళ్ల కూతురు, 3వ తరగతి చదువుతున్న ఎనిమిదేళ్ల కొడుకు. తల్లి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సహాయకురాలు. వేసవిలో పని గంటలు తగ్గడంతో రెండు నెలల అద్దె బాకీ పడింది. ఆగస్టులో కోర్టు ఉత్తర్వుతో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. మొదట ఐదు వారాలు తల్లి పినతల్లి కూతురి ఇంట్లో సర్దుకున్నారు. ఆ ఇంటి యజమాని అభ్యంతరం చెప్పడంతో అక్టోబరు మొదట్లో ఊరి పొలిమేరలోని మోటెల్‌కు మారారు. ఈ సంగతుల్లో ఒక్కటీ అప్పటికి పాఠశాలలో ఎవరికీ తెలియదు.

మొదట కనిపించినవి

అక్టోబరు చివరి వారంలో అబ్బాయి ప్రగతి నివేదికను ఇంటికి పంపితే, ఆ చిరునామాలో ఎవరూ లేరని కవరు తిరిగొచ్చింది. తిరిగొచ్చిన ఉత్తరాన్ని పాఠశాల కార్యాలయాలు సాధారణంగా నివాస నిబంధన ఉల్లంఘనకు సూచనగానే చూస్తాయి. డిస్ట్రిక్ట్ హద్దుల్లో ఉంటున్నట్టు పది రోజుల్లో రుజువు చూపకపోతే పేరు తొలగిస్తామని తల్లికి రాయాల్సిన నోటీసును మా ఆఫీసు ఉద్యోగిని నిబంధన ప్రకారమే సిద్ధం చేశారు. సంతకానికి పంపే ముందు ఆమెకు ఎందుకో అనుమానం కలిగి నాకు ఫోన్ చేశారు. "ఈ బాబు ఎక్కువగా సోమవారాలే రావడం లేదండీ" అన్నారు. ఈ కేసులో అన్నిటికంటే విలువైన మాట అదేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆ నోటీసు వెళ్లి ఉంటే తల్లి భయపడి బాబును బడి మాన్పించి ఉండేది, మాకు ఆ కుటుంబం మళ్లీ కనిపించేది కాదు.

హాజరు పట్టిక తెరిచి చూస్తే తొమ్మిది వారాల్లో ఏడు గైర్హాజరులు ఉన్నాయి, వాటిలో సోమవారాలే ఎక్కువ. విద్యా సంవత్సరంలో పది శాతం రోజులు పోతే దీర్ఘకాలిక గైర్హాజరుగా లెక్కిస్తారు. 180 పనిదినాలకు అది 18 రోజులు. ఈ బాబు ఆ దారిలోనే ఉన్నాడు. స్కూల్ నర్సు నమోదు పుస్తకంలో అతని పేరు నాలుగు సార్లు ఉంది. ప్రతిసారీ కడుపునొప్పే, ప్రతిసారీ జ్వరం లేదు. తరగతి ఉపాధ్యాయిని చెప్పిన ఇంకో సంగతి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. వైశాల్యం పాఠంలో భాగంగా "మీ పడకగది పొడవు వెడల్పులు కొలిచి పటం గీసి తీసుకురండి" అని ఆమె ఇంటిపని ఇచ్చారు. అప్పటిదాకా లెక్కల్లో చురుగ్గా ఉన్న బాబు ఆ పని తేలేదు. మర్నాడు అడిగితే కడుపునొప్పి అన్నాడు. ఆ తర్వాత లెక్కల పుస్తకమే తెరవడం మానేశాడు.

తల్లికి ఫోన్ చేసినప్పుడు "హోమ్‌లెస్" అనే మాట వాడలేదు. ఆ మాట వినగానే చాలామంది తల్లిదండ్రులు "మేము అలాంటివాళ్లం కాము" అంటారు, సంభాషణ అక్కడితో తెగిపోతుంది. వంతెన కింద పడుకునే మనిషి బొమ్మ వాళ్ల మనసులో ఉంటుంది, రోజూ పనికి వెళ్లి పిల్లలను బడికి పంపే తమను తాము ఆ బొమ్మలో చూసుకోలేరు. అందుకే "మీరు ఇప్పుడు ఉంటున్న చోట ఇంకా ఎన్నాళ్లు ఉండగలననుకుంటున్నారు?" అని అడిగాను. కాసేపు మౌనం. "సోమవారం పొద్దున దాకా" అన్నారు ఆమె.

సోమవారాల చిక్కు ఆ సమాధానంతో విడిపోయింది. మోటెల్‌లో వారానికి 420 డాలర్లు. వారం సోమవారం ఉదయం పదకొండింటికి ముగుస్తుంది. జీతం ఒక వారం ముందుగా, ఒక వారం ఆలస్యంగా చేతికొస్తుంది కాబట్టి, డబ్బు అందని సోమవారం గది తాళం పనిచేయదు. సామానంతా కారులోకి ఎక్కించి, అప్పు తెచ్చి మళ్లీ గది తీసుకునేసరికి బడి వేళ దాటిపోతుంది. నాలుగు వారాలకు 1,680 డాలర్లు కడుతున్న ఆమె పాత ఇంటి అద్దె 1,250 డాలర్లే. అద్దె కట్టలేని మనిషి అంతకంటే ఎక్కువ మోటెల్‌కు ఎలా కడుతోందని నన్ను చాలామంది అడిగారు. కొత్త ఇల్లు కావాలంటే మొదటి నెల అద్దె, డిపాజిట్, దరఖాస్తు రుసుములు కలిపి ఇంచుమించు మూడు వేల డాలర్లు ఒక్కసారిగా చేతిలో ఉండాలి. పైగా కోర్టు రికార్డులో ఖాళీ చేయించిన కేసు ఉన్నవారికి ఇల్లు ఇవ్వడానికి యజమానులు జంకుతారు. వారం వారం కట్టేవారి చేతిలో ఆ మూడు వేలు ఎప్పటికీ కూడవు.

"ఇది ఇంకెవరికి చెబుతారు?" అని ఆమె రెండుసార్లు అడిగారు. పిల్లలను తీసుకుపోతారన్న భయం అది. నివాస పరిస్థితి వివరాలు విద్యార్థి రికార్డులో భాగమనీ, వాటిని బయటివారికి ఇష్టానుసారం ఇవ్వకూడదని చట్టమే చెబుతోందనీ వివరించాను. ఇల్లు లేకపోవడం ఒక్కటే పిల్లలను నిర్లక్ష్యం చేయడం కిందికి రాదు. పిల్లలకు హాని జరుగుతోందని అనుమానం కలిగితే తెలియజేయడం మాత్రం పాఠశాల ఉద్యోగులందరి మీదా ఉన్న బాధ్యత. ఈ రెండో మాటనూ దాచకుండా చెప్పాను. దాచి తెచ్చుకున్న నమ్మకం తర్వాత నిలబడదని అనుభవం నేర్పింది.

ఒకే కుటుంబం, రెండు నిర్వచనాలు

1987లో అధ్యక్షుడు రీగన్ సంతకంతో అమల్లోకి వచ్చిన ఈ చట్టానికి మొదట కనెక్టికట్ రిపబ్లికన్ ప్రతినిధి స్టూవర్ట్ మెకిన్నీ పేరు ఉండేది. 2000లో మిన్నెసోటా డెమొక్రాట్ ప్రతినిధి బ్రూస్ వెంటో పేరు కూడా చేరింది. విద్యకు సంబంధించిన భాగాన్ని 2015లో ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం సవరించి బలపరిచింది. రాత్రిపూట ఉండడానికి స్థిరమైన, నిలకడైన, సరిపడిన నివాసం లేని ప్రతి విద్యార్థీ దీని పరిధిలోకి వస్తాడు. షెల్టర్లలో, కార్లలో, పార్కుల్లో ఉండేవారితో పాటు, వేరే గతి లేక మోటెళ్లలో ఉండేవారూ, ఇల్లు పోయి ఇంకొకరి ఇంట్లో సర్దుకునేవారూ ఇందులో ఉన్నారు. ఈ చివరి పరిస్థితికి ఇంగ్లీషు పత్రాల్లో వాడే "డబుల్డ్ అప్" అన్న మాట ఇద్దరు ఒకచోట ఇరుక్కోవడాన్ని మాత్రమే చెబుతుంది. మన భాషలో "ఒకరి పంచన ఉండడం" అంటే అందులోని బెరుకు, పొద్దున లేస్తే ఎవరి ముఖం ఎలా ఉంటుందోనన్న భయం కూడా వినిపిస్తాయి. 2022–23లో దేశంలోని ప్రభుత్వ పాఠశాలలు గుర్తించిన నిరాశ్రయ విద్యార్థులు 13 లక్షలకు పైనే. వారిలో సుమారు నాలుగింట మూడొంతుల మంది ఇలా ఒకరి పంచన ఉన్నవారే. రోడ్డు మీద కనిపించేవారిని మాత్రమే వెతికితే వీరిలో చాలామంది మన కంటికి ఆనరు.

మెకిన్నీ–వెంటో చట్టంలోని ఈ విద్యా నిర్వచనం ప్రకారం ఈ కుటుంబం ఆగస్టు నుంచే నిరాశ్రయ కుటుంబం. ఫెడరల్ గృహ, పట్టణాభివృద్ధి శాఖ నిర్వచనం మాత్రం ఇంకా ఇరుకు. బంధువుల ఇంట్లో ఉండడం గానీ, సొంత డబ్బుతో మోటెల్‌లో ఉండడం గానీ మామూలుగా అందులోకి రాదు. పద్నాలుగు రోజుల్లో ఆ చోటు కూడా పోతుందనీ, వెళ్లడానికి వేరే చోటూ డబ్బూ లేవనీ రుజువు చూపితేనే వస్తుంది. వారం వారం ఎలాగోలా కట్టేస్తున్న తల్లి ఆ రుజువు ఎక్కడ తెస్తుంది? గృహ సహాయం కోసం నవంబరులో మేము పెట్టిన అభ్యర్థన ఈ కారణంతోనే నిలిచిపోయింది. ఇద్దరు పిల్లలున్న తల్లికి మోటెల్ గదిని ఇల్లుగా లెక్కగట్టే ఈ నిర్వచనం మారాలని నా గట్టి అభిప్రాయం.

బస్సు

చట్టం ఇచ్చే హక్కుల్లో ఒక బిడ్డ రోజును నేరుగా మార్చేది పాత పాఠశాలలోనే కొనసాగే హక్కు. ఇల్లు ఎక్కడికి మారినా, ఇల్లు పోకముందు చదివిన బడిలోనే ఉండవచ్చు, అడిగితే రాకపోకలు డిస్ట్రిక్టే ఏర్పాటు చేయాలి. మళ్లీ స్థిరమైన ఇల్లు దొరికినా ఆ విద్యా సంవత్సరం ముగిసే దాకా ఈ హక్కు పోదు. మోటెల్ పక్క డిస్ట్రిక్ట్ పరిధిలో, మా బడికి పదకొండు మైళ్ల దూరంలో ఉంది. ఇలాంటప్పుడు రెండు డిస్ట్రిక్టులూ ఒక ఒప్పందానికి రావాలి, కుదరకపోతే ఖర్చు చెరిసగం. ఎవరి బస్సు, ఎవరి డ్రైవరు, ఎవరి బిల్లు అన్న ఉత్తర ప్రత్యుత్తరాలు తెమలడానికి తొమ్మిది పనిదినాలు పట్టాయి. ఆ మధ్యలో పేద పిల్లల చదువు కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే టైటిల్ 1 నిధుల్లోంచి నిరాశ్రయ విద్యార్థులకని విడిగా ఉంచిన సొమ్ముతో తల్లికి పెట్రోలు కార్డులు ఇచ్చాం. అయినా బాబు ఇంకో రెండు రోజులు బడికి రాలేకపోయాడు.

బస్సు విషయంలో నేను పట్టుబట్టి సాధించినది ఒకటుంది. బాబు పొద్దున అందరికంటే ముందు ఎక్కాలి, సాయంత్రం అందరి తర్వాత దిగాలి. అప్పుడే తోటి పిల్లలెవరూ మోటెల్ బోర్డు చూడరు. రవాణా విభాగం దీన్ని చిన్న కోరికగానే చూసింది గానీ, ఎనిమిదేళ్ల బిడ్డకు అది ముఖం దాచుకోకుండా బడికి రాగలగడం. రెండు పూటలా ఉచిత భోజనానికి లయజాన్ జాబితాలో పేరుంటే చాలు, దరఖాస్తు అక్కర్లేదు కాబట్టి అది ఒక్క రోజులో అయిపోయింది.

ఉపాధ్యాయినికి తల్లి అనుమతితో అవసరమైనంత మాత్రమే చెప్పాను. ఇంటిపని చేసుకోవడానికి బల్ల లేదు, సోమవారాలు కష్టం, అంతవరకే. ఆమె వెంటనే పడకగది పటం అభ్యాసాన్ని రద్దు చేసి, పిల్లలందరినీ జట్లుగా చేసి స్కూల్ లైబ్రరీని కొలిపించారు. మన బాబు టేపు పట్టుకుని అలమరల మధ్య దూరాలు కొలుస్తుంటే చూశాను. ఆ వారం నర్సు పుస్తకంలో అతని పేరు లేదు. "మీ ఇల్లు", "మీ గది", "మీ చిన్నప్పటి ఫొటో" అంటూ మనం అలవాటుగా ఇచ్చే ఎన్నో ఇంటిపనులు కొందరు పిల్లలను తరగతిలో నలుగురి ముందూ ఒంటరివాళ్లను చేస్తాయన్నది ఆ ఉపాధ్యాయిని నాకు చూపిన విషయం.

"మేము ఇద్దరమే"

జనవరి రెండో వారంలో తల్లికి ఫ్లూ వచ్చి ఆరు రోజుల జీతం పోయింది. మోటెల్ గది పోయింది. కారులో నాలుగు రాత్రులు పడుకున్నారు. మొదటి రాత్రి గడిచాక ఆమె తానే ఫోన్ చేశారు. పాత బడి హక్కుకు చిరునామా అక్కర్లేదు గనుక బస్సు ఆగే చోటును మర్నాటికల్లా పబ్లిక్ లైబ్రరీ ముందుకు మార్చాం. బాబు ఒక్క రోజు కూడా బడి మానలేదు. కారులో పడుకున్నాకే గృహశాఖ నిర్వచనం ప్రకారం వారు నిరాశ్రయులయ్యారు. సహాయం కోరేవారిని ఒకేచోట నమోదు చేసుకునే కోఆర్డినేటెడ్ ఎంట్రీ విధానం ద్వారా కుటుంబ షెల్టర్‌లో చోటు ఖాయమైంది.

నమోదు చేస్తున్న అమ్మాయి "మీరు ఎంతమంది?" అని అడిగింది. పక్కన కూర్చున్న నేను ముగ్గురని చెప్పబోయాను. అంతలో తల్లి "మేము ఇద్దరమే" అన్నారు.

నవంబరులో నేను నింపిన పత్రంలో ఇద్దరు పిల్లల పేర్లూ ఉన్నాయి. పెద్దమ్మాయికి భోజనం, ఫీజు మినహాయింపులు నమోదయ్యాయి. హైస్కూల్ రికార్డు చూస్తే మార్కులు మంచివి, గైర్హాజరు ఒక్కటీ లేదు. ఆ పుట చూసి తృప్తిపడి మూసేశాను. తమ్ముడి బస్సు గురించి ఇరవై ఫోన్లు చేసిన నేను, పదకొండు వారాల్లో ఆ అమ్మాయితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. కారులో పడుకున్నామని తల్లి చెప్పిన రోజున కూడా, కూతురు ఎక్కడ పడుకుందని అడగాలని నాకు తట్టలేదు.

డిసెంబరు మొదట్లోనే పెద్దమ్మాయి మోటెల్ విడిచి వెళ్లింది. గదిలో ఒకటే మంచం. అమ్మ తెల్లవారుజామున ఐదింటికి డ్యూటీకి వెళ్లాలి, తమ్ముడు నిద్రపోవాలి, దీపం వేస్తే ఇద్దరికీ ఇబ్బంది. అందుకని స్నానాలగదిలో నేల మీద దుప్పటి పరుచుకుని చదివేది. తర్వాత ఒక స్నేహితురాలి ఇంట్లో కొన్నాళ్లు, ఇంకో స్నేహితురాలి ఇంట్లో కొన్నాళ్లు. బట్టలు స్కూల్ లాకర్లో. పొద్దున తలుపులు తెరిచే వేళకు బయట నిలబడి ఉండేదనీ, సాయంత్రం మూసే వేళకు గానీ కదిలేది కాదనీ హైస్కూల్ లైబ్రేరియన్ చెప్పారు. శ్రద్ధగల పిల్ల అనుకున్నారట. అందరం అలాగే అనుకున్నాం.

మర్నాడు హైస్కూల్‌కు వెళ్లి కౌన్సెలర్ గదిలో ఆమెను కలిశాను. ముందే ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఇంతకాలం రానందుకు క్షమించమన్నాను. కొంతసేపటికి ఆమే చెప్పింది: "తమ్ముడికి బస్సు వస్తోంది కదా. నేను వేరేచోట ఉంటున్నానంటే ఏదో లెక్క తప్పి ఆ బస్సు ఆగిపోతుందేమో అనుకున్నాను."

తల్లిదండ్రుల సంరక్షణలో లేకుండా, స్థిరమైన నివాసం లేకుండా ఉన్న ఇలాంటి "తోడులేని" పిల్లలకు చట్టంలో ప్రత్యేక స్థానం ఉంది. ఇంటి నుంచి ఎందుకు వచ్చేశారన్నది అర్హతకు అడ్డు కాదు. తల్లిదండ్రుల సంతకం లేదన్న కారణంతో చదువుకు అడ్డం చెప్పకూడదు, ఏ బడిలో చదవాలన్న నిర్ణయంలో వారి మాటకు ప్రాధాన్యం ఇవ్వాలి. 12వ తరగతిలో దీని విలువ ఇంకా ఎక్కువ. ఫెడరల్ కాలేజీ ఆర్థిక సహాయ దరఖాస్తు ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏలో 24 ఏళ్లలోపు విద్యార్థులు సాధారణంగా తల్లిదండ్రుల ఆదాయ వివరాలు ఇవ్వాలి. తోడులేని నిరాశ్రయ విద్యార్థి అని లయజాన్ నిర్ధారిస్తే స్వతంత్ర విద్యార్థిగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ అమ్మాయి దరఖాస్తు సగంలో ఆపేసి ఉంది. తల్లి చిరునామా అడిగిన చోట ఏం రాయాలో తెలియక అక్టోబరు నుంచి అది అలాగే ఉండిపోయింది. నిర్ధారణ లేఖ ఆ వారమే రాశాను. కాలేజీ దరఖాస్తుల రుసుము మినహాయింపులు కౌన్సెలర్ చూసుకున్నారు.

షికాగో విశ్వవిద్యాలయంలోని చాపిన్ హాల్ అనే పరిశోధన సంస్థ 2017లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ప్రతి ముప్పై మందిలో ఒకరు ఒక ఏడాదిలో ఏదో ఒక రూపంలో తోడులేని నిరాశ్రయతను అనుభవిస్తున్నారు. హైస్కూల్ పూర్తిచేయని యువతలో ఈ ముప్పు పూర్తిచేసినవారికంటే 346 శాతం ఎక్కువ. ఈ అంకెలను శిక్షణ తరగతుల్లో నేను ఎన్నోసార్లు చెప్పాను. అవి చెబుతూనే, నా జాబితాలో ఉన్న పిల్లను చూడలేకపోయాను.

వసంతంలో

ఆ తర్వాతి దశలో విశేషాలు తక్కువ. పెద్దమ్మాయి ఒక స్నేహితురాలి అమ్మమ్మ ఇంట్లో ఉండడానికి తల్లి, ఆ పెద్దావిడ, అమ్మాయి ముగ్గురూ ఒప్పుకున్నారు. మా సోషల్ వర్కర్ వెళ్లి చూసి వచ్చారు. ఆమెకు అక్కడ ఒక బల్ల, ఒక దీపం ఉన్నాయి. నిరాశ్రయులను త్వరగా అద్దె ఇంటికి చేర్చే రాపిడ్ రీహౌసింగ్ పథకం కింద షెల్టర్ నుంచి ఏప్రిల్ చివర తల్లికి రెండు గదుల అపార్ట్‌మెంట్ దొరికింది. డిపాజిట్, తొలి నెలల అద్దె ఆ పథకమే భరించింది. ఆ ఇల్లు హైస్కూల్‌కు పదిహేడు మైళ్లు. అమ్మాయి వారాంతాలు అమ్మ దగ్గర, బడి రోజులు అమ్మమ్మ దగ్గర గడిపి జూన్‌లో గ్రాడ్యుయేట్ అయింది. ఆర్థిక సహాయంతో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరింది. బాబును జూన్ దాకా అదే బస్సు పాత బడికి తీసుకొచ్చింది. ఏడాది మొత్తంలో అతని గైర్హాజరులు పదమూడు. ఆగస్టులో కొత్త బడిలో చేరేటప్పుడు అతని ఉపాధ్యాయిని కొత్త ఉపాధ్యాయినికి రెండు పేజీల లేఖ రాసి ఇచ్చారు. అందులో ఎక్కువ భాగం అతని లెక్కల గురించే. పథకం ఇచ్చే అద్దె సాయం కొన్ని నెలలదే. అది ఆగాక తల్లి జీతం సరిపోతుందా అన్న చింత నాకు ఇప్పటికీ ఉంది. ఆమెతో నెలకోసారి మాట్లాడుతున్నాను.

మా డిస్ట్రిక్ట్ పద్ధతుల్లో ఈ కేసు తర్వాత మూడు మార్పులు వచ్చాయి. నివాస రుజువు కోరే ఏ నోటీసైనా సంతకానికి ముందు నా దగ్గరకు రావాలి. తిరిగొచ్చిన ప్రతి కవరూ ముందు మాకు చేరాలి. రెండోది, ఒక కుటుంబంలో ఒక బిడ్డను గుర్తిస్తే ఐదు పనిదినాల్లో ప్రతి తోబుట్టువుతోనూ ఒక పెద్ద మనిషి విడిగా, ముఖాముఖి మాట్లాడాలి. మార్కులు, హాజరు ఎంత బాగున్నా సరే, బాగున్నవారితో ముందుగా మాట్లాడాలి. మూడోది, ఏటా బడి మొదట్లో తల్లిదండ్రులు నింపే నివాస పత్రంలో "మీరు ఎక్కడ ఉంటున్నారు?" అన్న ప్రశ్న ఒకటే ఉండేది. దాని కింద ఇప్పుడు ఇంకో వరుస చేర్చాం: "మీ పిల్లలందరూ రాత్రి మీ దగ్గరే పడుకుంటున్నారా? లేకపోతే, ఎవరు ఎక్కడ?"